పడవ రెయిలింగు ఊగుతోంది, బావ వినిపించుకోవడం లేదు

ఉమ్మడి కర్నూలు జిల్లాలో శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయవద్దని కోరారు. రాసినవారికి 34 ఏళ్లు. మూడేళ్ల కిందట అక్క భర్తతో కలిసి ఒక పాత ఫైబర్ మరబోటు కొన్నారు. 18 అడుగుల పొడవు, ఎనిమిది మంది కూర్చునే వీలు, వెనుక అవుట్‌బోర్డు మోటారు. పెట్టుబడిలో ఎక్కువ భాగం బావది. నెలనెలా వాయిదా కట్టేదీ ఆయనే. ఈయన పడవ నడుపుతారు, దాని బాగోగులు చూసుకుంటారు. సంగమేశ్వరం వైపు వచ్చే యాత్రికులను, సెలవు రోజుల్లో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలను నీళ్ల మీద తిప్పి తీసుకువస్తారు.

పోయిన వర్షాకాలం చివర్లో రెయిలింగు స్తంభాల్లో ఎడమవైపు ముందున్నది కొద్దిగా ఊగడం మొదలైంది. పానా పెట్టి బిగించారు. పదిహేను రోజులకు మళ్లీ వదులైంది. ఇప్పటికి నాలుగుసార్లు బిగించారట. దాని పక్కన, ఒడ్డుకు చేరినప్పుడు తాడు చుట్టే క్లీటు కూడా ఇప్పుడు కదులుతోంది. స్తంభం పాదం చుట్టూ సాలెగూడులాగా సన్నని పగుళ్లు వచ్చాయి. వాన కురిసిన మర్నాడు లోపలి అరలో గోధుమరంగు నీటి చుక్కలు కనబడుతున్నాయి. అక్కడ అడుగు వేస్తే డెక్కు, అంటే పడవలో నడిచే పైతలం, మెత్తగా తగులుతోంది. మెకానిక్ పుట్టీ నింపి పొడవాటి స్క్రూలు వేస్తే చాలన్నాడు. బావ మాట ఇంకొకటి: "నాలుగు నట్లు బిగించడానికి పడవ ఆపుకుంటామా? ముందు శివరాత్రి కానీ. ఎండాకాలంలో నీళ్లు దిగిపోయాక పడవ ఎటూ ఒడ్డునే ఉంటుంది, అప్పుడు చూద్దాం."

ఆ తర్వాత ఒక సాయంత్రం జరిగింది చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఒడ్డు నుంచి పడవ ఎక్కుతూ ఒక పెద్దావిడ ఆ స్తంభాన్నే పట్టుకున్నారు. అది బయటి వైపుకు వాలింది. వెనుక ఉన్న మనవడు నడుము పట్టుకోవడంతో ఆమె పడలేదు. ఆమె నవ్వి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్లి కూర్చున్నారు. పడవలో ఎవరూ పట్టించుకోలేదు. మన పాఠకుడు మాత్రం ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు. ఆయన అడిగినవి మూడు: బిగిస్తే సరిపోతుందా? శివరాత్రికి ఐదు వారాలే ఉంది, ఇప్పుడు పడవ ఆపాలా? బావతో గొడవ కాకుండా ఈ మాట ఎలా చెప్పాలి?

సమాధానం:

ముందుగా ఒక మాట. ఆ సాయంత్రం సంగతి మీరు రెండు పేజీలు రాశారు. బావతో ఏం చెప్పారో ఒక్క వాక్యంలో రాశారు: "రెయిలింగు బోల్టులు వదులయ్యాయి, పని చేయించాలి అన్నాను." ఆ రెండు పేజీల్లో ఉన్నది ఆయనకు చేరనేలేదు. ఆయన కొట్టిపారేసింది వదులైన నట్టు సంగతి. పెద్దావిడ చేతిలో స్తంభం వాలిన సంగతి ఆయనకు తెలియదు. మీ ఇద్దరి మధ్య ఉన్నది అభిప్రాయభేదమని మీరు అనుకుంటున్నారు. తెలిసిన మనిషి ఒకరు, తెలియని మనిషి ఒకరు ఉన్నారు, అంతే. దీనికి మళ్లీ వస్తాను. ముందు పడవ.

కోస్తాలో ఫైబర్ పడవలు కట్టే షెడ్డులో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ మరమ్మతుకు వచ్చే పాత పడవల్లో ఎక్కువగా చూసిన జబ్బు ఇదే. పైకి ఏకంగా కనబడే డెక్కు నిజానికి మూడు పొరలు. పైన ఫైబర్, కింద ఫైబర్, మధ్యలో చెక్క. చాలా పడవల్లో ఆ చెక్క ప్లైవుడ్, కొన్నింటిలో బాల్సా అనే తేలికైన కలప. ఫైబర్ పొరలు సన్నగా ఉన్నా, మధ్యలో చెక్క వాటిని ఎడంగా పట్టి ఉంచడం వల్లనే డెక్కుకు గట్టితనం వస్తుంది. స్తంభం బిగించడానికి ఈ మూడు పొరలకూ రంధ్రం పొడుస్తారు. ఆ రంధ్రం అంచున కోసిన చెక్క బయటపడి ఉంటుంది. దాన్ని మూసి ఉంచేది సీలెంటు, అంటే సందుల్లోకి నీరు దిగకుండా పూసే జిగురు, ఒక్కటే. స్తంభాన్ని జనం పట్టుకుని లాగిన ప్రతిసారీ ఆ సీలెంటు కొంచెం కొంచెం చిరుగుతుంది. వాన నీరు దిగుతుంది. చెక్క దాన్ని పీల్చుకుంటుంది. పైనా కిందా ఫైబర్ కాబట్టి ఆ తడి ఆరడానికి దారి లేదు. మీ అరలో పడిన గోధుమరంగు చుక్కలు పుచ్చిన చెక్కలోంచి దిగిన నీళ్లు.

ఇప్పుడు నాలుగుసార్లు బిగించిన సంగతి చూడండి. మధ్యలో చెక్క మెత్తబడ్డాక నట్టు తిప్పితే బోల్టు గట్టిపడదు, రెండు ఫైబర్ పొరలూ దగ్గరికి నొక్కుకుపోతాయి. కాసేపు బిగుసుకున్నట్టే ఉంటుంది. చెక్క ఇంకా నలిగాక మళ్లీ వదులవుతుంది. ఈలోగా పైపొర వంగి పగుళ్లు తేలతాయి, ఆ పగుళ్లలోంచి మరింత నీరు దిగుతుంది. అందుకే బిగించిన ప్రతిసారీ నష్టం పెరిగింది. ఇందులో మీ తప్పు లేదు. కంటికి వదులు కనిపిస్తే ఎవరైనా బిగిస్తారు.

"ఇది ఉప్పునీరు కాదు కదా, మంచినీళ్లలో పడవకు ఏమవుతుంది" అని మీ మెకానిక్ అన్నట్టు రాశారు. ఇనుము విషయంలో ఆ మాట కొంతవరకు నిజం. చెక్క విషయంలో తలకిందులు. ఉప్పు బూజును కొంత అడ్డుకుంటుంది. వాన నీరు అడ్డుకోదు. మీ సంగమేశ్వరంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. అక్కడి లింగం వేప మొద్దు అని చెబుతారు. ఏడాదిలో ఎన్నో నెలలు గుడితో పాటు నీళ్లలోనే ఉంటుంది, అయినా నిలిచింది. భక్తుల నమ్మకం భక్తులది. కలప సంగతి తెలిసినవారు దానికి ఇంకో మాట జోడిస్తారు: కలపను పుచ్చించే బూజుకు తడి, గాలి రెండూ కావాలి. పూర్తిగా మునిగిన కలపకు గాలి అందదు. పూర్తిగా పొడిగా ఉన్న కలపకు తడి లేదు. మీ డెక్కులో ఉన్న ప్లైవుడ్‌కు రెండూ కావలసినంత అందుతున్నాయి.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: బిగిస్తే సరిపోదు. పుట్టీ, పొడవాటి స్క్రూలు కూడా అంతే. పుచ్చిన చెక్కలో ఎంత పొడవు స్క్రూ దించినా పట్టు దొరకదు, నీటికి ఇంకో దారి తెరిచినట్టు అవుతుంది. అయితే ఎంత పని ఉందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరు గంటలో తెలుసుకోవచ్చు.

మీ ఇంట్లో నాపరాళ్ల గచ్చు ఉంటే ఈ విద్య మీకు ముందే తెలుసు. ఏ బండ కింద గుల్ల ఉందో కాలి మడమతో తట్టి చెప్పేస్తారు. డెక్కునూ అలాగే చూడాలి. ఒక రూపాయి బిళ్లగానీ, స్క్రూడ్రైవరు పిడిగానీ తీసుకుని, బాగున్న చోట మొదలుపెట్టి స్తంభం వైపు రెండేసి అంగుళాలకు ఒకసారి తట్టుతూ రండి. గట్టి చెక్క మీద శబ్దం ఖణేల్‌మంటుంది. పుచ్చిన చోట మందంగా, మూగగా వస్తుంది. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలన్నీ కలిపితే పుచ్చు ఎంత మేర పాకిందో పటం గీసినట్టు కనబడుతుంది. క్లీటు చుట్టూ, మిగతా స్తంభాలన్నింటి చుట్టూ కూడా ఇలాగే చూడండి. ఒకటి పోయిందంటే అదే రోజున, అదే చేత్తో బిగించిన మిగతావాటినీ అనుమానించాలి.

తర్వాత ఊగుతున్న స్తంభం బోల్టు ఒకటి పూర్తిగా బయటికి తీయండి. షెడ్డులో నేను మొదటిసారి తీసిన బోల్టు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. తల అద్దంలా మెరుస్తోంది. మర కూడా బాగానే ఉంది. మధ్యలో, డెక్కు లోపల ఉన్న భాగం మాత్రం నమిలిన వేపపుల్లలా తిని ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదంటాం. దాని మీద ఉండే కంటికి కనబడని రక్షణ పొర గాలి తగిలితేనే నిలబడుతుంది. గాలి ఆడని తడి రంధ్రంలో ఆ పొర పోయి లోహం గుంటలు పడుతుంది. పైనుంచి ఎంత చూసినా తెలియదు. మీ బోల్టు అలా వస్తే అన్నీ మార్చాల్సిందే. ఆ రంధ్రంలో సన్నని మేకు పెట్టి చెక్కను గీరండి. పొడిగా, లేతరంగు పొట్టు వస్తే అదృష్టం. నల్లగా, తడి టీ పొడిలా వస్తే పుచ్చు.

మీ ముందున్న దారులు ఆ పొట్టును బట్టి ఉంటాయి.

చెక్క పొడిగా ఉంటే ఒక రోజు పని. అన్నీ విప్పి, పాత సీలెంటు గీకి, కొత్తది వేసి, కింద పట్టీ పెట్టి బిగించుకోవచ్చు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇంత తేలికగా తేలుతుందని నాకు అనిపించడం లేదు.

పుచ్చు రంధ్రం చుట్టూ అరచేయి మేరకే ఉంటే నాలుగైదు రోజుల పని, ఆ పైన గట్టిపడటానికి మరికొన్ని రోజులు. పైపొరకూ చెక్కకూ ఉన్న రంధ్రాన్ని పెద్దది చేసి, ఒక మేకును అడ్డంగా వంచి డ్రిల్లుకు బిగించి తిప్పితే రెండు ఫైబర్ పొరల మధ్య మెత్తని చెక్క పొడిపొడిగా బయటికి వస్తుంది. గట్టి చెక్క తగిలేదాకా తీయాలి. అంతకంటే దూరం పాకి ఉంటే పక్కన ఇంకో రంధ్రం చేయాలి. తర్వాత ఆరబెట్టాలి, ఇక్కడ తొందరపడకూడదు. పగలు ఎండకు వదిలి, రాత్రి కప్పి, అవసరమైతే జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పట్టించి, గీరితే దుమ్ము రాలేదాకా ఆగాలి. తడి చెక్క మీద పోసిన రెజిన్, అంటే పోశాక గట్టిపడే జిగురు ద్రవం, అతుక్కోదు. ఆరాక ముందు పల్చని ఎపాక్సీ రెజిన్‌ను చెక్క పీల్చుకునేలా పూయాలి, ఆపైన సిలికా పొడి కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో నింపాలి. అది గట్టిపడ్డాక దాని నడిమధ్య బోల్టుకు సరిపడా కొత్త రంధ్రం పొడవాలి. అప్పుడు బోల్టు చుట్టూ చెక్క ఉండదు, ఘనమైన ఎపాక్సీ ఉంటుంది. రేపు ఎప్పుడైనా సీలెంటు చిరిగి నీరు దిగినా చెక్కకు తగలదు.

నీళ్ల ట్యాంకులు, వాహనాల పైకప్పులు అతికేవారు పాలిస్టర్ రెజిన్ వాడదామంటారు, చవక కూడా. మీ పడవ మొదట కట్టింది దానితోనే అయి ఉండవచ్చు. కానీ పాత చెక్కకు, పాత ఫైబర్‌కు దాని పట్టు తక్కువ. ఈ పనికి ఎపాక్సీయే తీసుకోండి. దాన్ని గట్టిపరిచే హార్డెనరు కొలత ప్రకారం కలపండి. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఒకేసారి డబ్బా నిండా కలిపితే దాని వేడికి అదే కాలి పొగ వస్తుంది. వెడల్పు పళ్లెంలో కొంచెం కొంచెం కలుపుకోండి. చేతులకు తొడుగులు, ఫైబర్ గీరేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

సుద్దగీతలు చాపంత మేరకు పరుచుకుంటే ఇంకో సంగతి. అప్పుడు ఫైబర్ పొరను పలకగా కోసి, పుచ్చిన ప్లైవుడ్ తీసి, కొత్త ముక్క అతికించి, పొరను మళ్లీ ఫైబర్ గుడ్డతో కలపాలి. రెండు మూడు వారాలు పడుతుంది. నీడ కావాలి, ఇంతకుముందు ఈ పని చేసిన చెయ్యి కావాలి. మొదటిసారి చేసేవారు దీన్ని సొంతంగా మొదలుపెట్టవద్దని నా సలహా. ఖర్చుకు భయపడి వాయిదా వేస్తే ఇంకో వర్షాకాలం తర్వాత పుచ్చు డెక్కు మొత్తానికి పాకవచ్చు, అప్పుడు పడవ అమ్మినా కొనేవారు ఉండరు.

ఏ దారి పట్టినా రెండు పనులు మాత్రం విడిచిపెట్టకండి. ఒకటి, డెక్కు కింద ప్రతి స్తంభానికీ ఒక లోహపు పట్టీ. స్టీలు అయితే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియం అయితే 6 మిల్లీమీటర్ల మందం, స్తంభం పాదానికి రెట్టింపు వెడల్పు, మూలలు గుండ్రంగా. చిన్న వాషరు మీద పడే బరువు ఈ పట్టీతో అంతటా పంచుకుంటుంది. మీ పడవకు స్తంభాలు చెక్కలో దిగిన స్క్రూల మీదే నిలబడి ఉంటే వాటి స్థానంలో కిందిదాకా వెళ్లే బోల్టులు వేయండి. మనిషి బరువు మోసే దేన్నీ స్క్రూల మీద వదలకూడదు. రెండు, రంధ్రం పై అంచును కాస్త ఏటవాలుగా చెక్కితే సీలెంటు అక్కడ ఉంగరంలా కూర్చుంటుంది. పాలీసల్ఫైడ్ సీలెంటు ఈ పనికి మంచిది. స్నానాల గదిలో వాడే సిలికాన్ వద్దు. అది వదిలే జిడ్డు మీద తర్వాత ఏదీ అతుక్కోదు. బిగించేటప్పుడు పైన బోల్టు తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, కింద నట్టును మాత్రమే ఇంకొకరు తిప్పాలి. బోల్టు తిరిగితే అప్పుడే వేసిన సీలెంటు తెగిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. ఎండాకాలంలో చేద్దామన్న మీ బావ మాటలో అర్థం లేకపోలేదు. నీళ్లు దిగాక పడవకు పని ఉండదు, రాబడి పోదు. ఆయన స్థానంలో వాయిదాలు కట్టే ఎవరైనా అదే అంటారు. కానీ ఆయనకు తెలియనిది ఒకటి ఉంది. మీ దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు ఎపాక్సీ కలిపిన పళ్లెంలోనే బిగుసుకుపోతుంది, చెక్కలోకి ఇంకే సమయం ఇవ్వదు. తెల్లవారుజామున మాత్రమే పని చేయాల్సి వస్తుంది. జూన్‌లో వానలు మొదలవుతాయి. ఇప్పుడున్న పొడి చలిగాలి చెక్క ఆరడానికి, రెజిన్ నిదానంగా గట్టిపడటానికి అనువైన కాలం. ఐదు వారాలు తక్కువేమీ కాదు. అరచేయి మేర పుచ్చు అయితే శివరాత్రికి వారం ముందే పడవ నీళ్లలో ఉంటుంది.

మధ్యేమార్గం ఒకటి ఉంది. మిగతా స్తంభాలన్నీ గట్టిగా ఉన్నాయని తట్టి చూసి తేల్చుకుంటే, ఆ ఒక్క స్తంభాన్ని, క్లీటును తీసేసి, రంధ్రాలు మూసి, ఆ వైపు రెండు సీట్లు ఖాళీగా ఉంచి, కుడివైపు నుంచే ఎక్కించుకుంటూ మామూలు రోజుల్లో కొద్ది మందితో నడపవచ్చు. రాబడి తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. పండుగ రద్దీలో ఈ కట్టుబాటు నిలవదు, జనం తోసుకుని ఆ వైపుకు వస్తారు. కాబట్టి పని మొదలయ్యేదాకా కొన్నాళ్లకు మాత్రమే ఇది పనికొస్తుంది. కానీ ఊగే స్తంభాన్ని అలాగే నిలబెట్టి మనుషులను ఎక్కించుకోవడం మాత్రం నేను ఏ లెక్కనా ఒప్పుకోలేను. రెయిలింగు లేదని తెలిస్తే మనిషి జాగ్రత్త పడతాడు. ఉంటే మాత్రం నమ్మి చెయ్యి వేస్తాడు. ఆ పెద్దావిడ అలా నమ్మే చెయ్యి వేశారు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన సంగతి మన రాష్ట్రంలో పడవ నడిపే ఎవరూ మరచిపోలేదు. మీ సమస్య వేరు, ఆ ప్రమాదం వేరు. అయినా ఆ రోజు తర్వాత పడవ ఎక్కే ప్రతి కుటుంబమూ నడిపేవారి ముఖం చూసే ఎక్కుతోంది. 2021లో వచ్చిన దేశీయ జలరవాణా పడవల చట్టం కూడా యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలంటోంది. మరమ్మతు ఫొటోలు, సామాను రసీదులు దాచి ఉంచండి. తనిఖీకి వచ్చేవారికి చూపవచ్చు.

ఇప్పుడు బావ సంగతి. మీ ఉత్తరం నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి మళ్లీ కొట్టేశారు, కానీ చదవగలిగాను: "పడవను చూసి బాగుందని చెప్పింది నేనే." అసలు ముడి అక్కడ ఉంది. స్తంభం సంగతి పూర్తిగా చెబితే, మూడేళ్ల కిందట సరిగా చూడకుండా ఆయన డబ్బు పెట్టించానన్న మాట వస్తుందని మీ భయం. పైగా మధ్యలో అక్క ఉంది. ఆ భయం సహజమైనదే. కానీ కొనేటప్పుడు మెరుస్తున్న ఫైబర్ కింద చెక్క ఎలా ఉందో తట్టి చూడాలని మీకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు తెలిసింది. ఆ మాటను మీరే ముందు అనేయండి. ఎదుటివారు అంటే నింద అవుతుంది, మనమే అంటే సంభాషణ మొదలవుతుంది.

అక్క ద్వారా చెప్పించాలన్న మీ ఇంటావిడ ఆలోచన వద్దనుకుంటాను. ఆమె మంచికోరే అన్నారు. కానీ పడవ సంగతి అక్క నోటి నుంచి వస్తే బావకు అది పుట్టింటివారి పక్షంగా వినబడుతుంది, మధ్యలో నలిగేది అక్క. ఫోనులో కూడా వద్దు. "బావా, ఆదివారం పొద్దున ఒక గంట పడవ దగ్గరికి రండి, మీరు చూడాలి" అని మాత్రం అనండి. వచ్చాక వాదించకండి. రూపాయి బిళ్ల ఆయన చేతికే ఇచ్చి తట్టమనండి. సుద్దగీతలు ఆయన్నే గీయమనండి. బోల్టు ఆయన ముందే తీయండి. ఆ తర్వాత పెద్దావిడ సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మూడు దారులూ, రోజులూ, ఖర్చూ రాసుకున్న కాగితం ఆయన ముందు పెట్టండి. ఆయన లెక్క మనిషి అని రాశారు కదా, ఆయనకు అలవాటైన భాష అదే.

ఇంత చూశాక కూడా ఆయన ఒప్పుకోకపోతే? అది జరగవచ్చు. అప్పుడు మీకు రెండు మార్గాలు ఉన్నాయి. మరమ్మతు ఖర్చు ముందు మీరు పెట్టుకుని, సీజన్ రాబడిలోంచి తిరిగి తీసుకుంటానని చెప్పవచ్చు. చేతి నుంచి డబ్బు పోతుంది, మాట నిలుస్తుంది. లేదా, ఆ స్తంభం బాగయ్యేదాకా నేను పడవ నడపనని చెప్పవచ్చు. దానివల్ల కొన్నాళ్లు ఇంట్లో మాటలు తగ్గుతాయి. ఆయన వేరే మనిషిని పెట్టి నడిపించే అవకాశం కూడా ఉంది. ఆ పరిస్థితి వస్తే స్తంభం సంగతి ఆ కొత్త మనిషికి చెప్పే బాధ్యత మీమీదే ఉంటుంది. ఈ రెండింటిలో ఏది మోయగలరో మీకే తెలుసు. చేతిలో ఉంటే మొదటిది చేయమంటాను.

పని పూర్తయ్యాక, ప్రయాణికులను ఎక్కించే ముందు, ఒడ్డునే మీరిద్దరూ ఒక్కో స్తంభానికి పూర్తి బరువుతో ఆనుకుని చూడండి. డెక్కు అడుగున పట్టీ పక్కన చెరగని సిరాతో తేదీ రాయండి. వచ్చే వర్షాకాలం ముగిశాక మొదటి ఆదివారం, అదే రూపాయి బిళ్లతో మళ్లీ ఒకసారి తట్టి చూడండి.